మూడో అరలో గుండె

పోయిన మంగళవారం మధ్యాహ్నం వికారాబాద్‌లో మా మందుల దుకాణం ముందుకు ఒక అవ్వ వచ్చి, మెట్టు ఎక్కకుండా చాలాసేపు నన్నే చూసింది. పింఛను కాగితం కోసం కరణ్‌కోట నుంచి కలెక్టరాఫీసుకు వచ్చిందట. అక్కడి సారు భోజనానికి లేచాడట. సారు లేవడానికీ మళ్ళీ కూర్చోవడానికీ మధ్య ఊరంతా తిరిగి రావచ్చని ఆమెకు అనుభవం.

"నువ్వు తాండూరుల ఉండె గద బిడ్డా, గోళీలు సదివే పిల్లవు," అంది.

ఔనన్నాను.

"మీ డాక్టర్ సాబ్ పోయిండు," అంది.

ముందుగా ఒక సవరణ. ఆయన డాక్టరు కాడు. కంపౌండరు కూడా కాడు. ఫార్మసిస్టు అసలే కాడు, అది నేను. తాండూరులో మేమిద్దరం పనిచేసిన మందుల దుకాణంలో గోడ మీది సర్టిఫికెట్ నాది, కౌంటరు ఆయనది. నేనక్కడ రెండేళ్ళున్నాను. ఆ రెండేళ్ళూ జనం ఆయన్ని డాక్టర్ సాబ్ అన్నారు, నన్ను కొత్త పిల్ల అన్నారు. వదిలి వచ్చేసే రోజున కూడా నేను కొత్తగానే ఉన్నాను.

మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. కంది చేలల్లో పనిచేసి చదివించిన మా నాయన, కాగితం చేతికొచ్చిన ఆదివారం చర్చిలో ప్రార్థన పెట్టించాడు. నా చేతుల మీదుగా అనేకులు స్వస్థత పొందాలని పాస్టరు గారు ప్రార్థించారు. తాండూరు దుకాణం సేఠ్ మాత్రం నా చేతులతో పనిలేదన్నాడు. "నువ్వెందుకు పరేషాన్ అయితవ్ బిడ్డా, కాగితం ఇచ్చి ఇంట్ల కూసో," అన్నాడు. నాకు ముందున్న ఫార్మసిస్టు ఎనిమిదేళ్ళు అలాగే ఉద్యోగం చేశాడట. మంచి క్రమశిక్షణ గల మనిషి అయి ఉండాలి, ఒక్కరోజూ గోడ దిగలేదు.

నేను రోజూ వికారాబాద్ నుంచి పొద్దుటి రైలుకు వస్తాననేసరికి సేఠ్ నిజంగానే ఇబ్బంది పడ్డాడు. కౌంటరు వెనక రెండో మనిషికి కుర్చీ లేదు. చివరికి ఒక గ్లూకోజు అట్టపెట్టె బోర్లించి కూర్చోమన్నారు. కౌంటరు దగ్గరున్న పెద్దమనిషి గోడ మీది నా ఫోటోను, పెట్టె మీది నన్ను ఒకసారి పోల్చి చూశాడు.

"ఫోటోల జర ధైర్యంగున్నవ్ మేడం," అన్నాడు.

అదీ మా పరిచయం. ఆయన నన్ను మేడం అనేవాడు, నేను ఆయన్ని కాకా అనేదాన్ని. రెండు పిలుపుల్లోనూ గౌరవం ఉంది. నా పిలుపులో కొంచెం ఎక్కువ ఉందేమో.

సన్నటి మనిషి. తెల్ల చొక్కా. బండల పాలిషింగ్ ఊళ్ళో తెల్ల చొక్కా తొడగడం తెలివైన పనే, దుమ్ము పడినా తెలియదు. కళ్ళద్దాలు ఎప్పుడూ నుదుటి మీద ఉండేవి, కళ్ళ మీదకి దిగగా నేను చూడలేదు. పురికొసతో మేకుకి కట్టిన కత్తెర ఒకటుండేది. గోళీలు కత్తిరించే ముందు దాన్ని గాలిలో రెండుసార్లు ఆడించేవాడు, మంగలి షాపులో లాగ. ఆ చప్పుడు వినగానే సగం నొప్పి పోయినట్టుండేదని ఒకాయన నాతో అన్నాడు. ఇలాంటివి పాఠ్యపుస్తకంలో లేకపోవడం నాకు కొంచెం లోటనిపించింది.

ఎవరొచ్చినా ఆయన మొదటి ప్రశ్న ఒకటే, "ఏడ నొస్తున్నది?" డాక్టరు చీటీ తెచ్చినవాళ్ళనీ అడిగేవాడు, పౌడరు డబ్బా కోసం వచ్చినవాళ్ళనీ అడిగేవాడు. నొప్పి అన్న మాట ఆయనకు తెలుగులో, ఉర్దూలో, కన్నడంలో వచ్చు. సరిహద్దు అవతలి నుంచి బస్సు దిగినవాళ్ళు ఇంకో రెండు దుకాణాలు దాటి మరీ ఇక్కడికి వచ్చేవారు. నాకు నొప్పి గురించి ఇంగ్లీషులో నలభై పేజీలు వచ్చు. అవి విప్పే అవకాశం రాలేదు.

ఒక పాలిషింగ్ కూలీకి నేను, ఈ గోళీ భోజనానికి అరగంట ముందు వేసుకోవాలని చెప్పాను. నేను తినేది ఎప్పుడో నాకే తెల్వది, దానికి అరగంట ముందెట్ల తెలుస్తదని అతను అడిగాడు. కాలేజీలో ఈ ప్రశ్న ఎవరూ వేయలేదు. కాకా నన్ను పక్కకు జరిపి, మిషన్ బంద్ చేసి చేతులు కడుక్కున్నప్పుడు మింగమన్నాడు. సిమెంటు ఫ్యాక్టరీ వాళ్ళకు సైరన్ లెక్క. మేకలు కాసేవాళ్ళకు, మందను తోలుకపోయేటప్పుడు ఒకటి, తోలుకొచ్చేటప్పుడు ఒకటి. ఆయన చెప్పాక ఎవరూ మళ్ళీ అడిగేవారు కాదు.

మందుల శాఖ నుంచి తనిఖీకి పెద్దసారు వచ్చే రోజున ఒక ఏర్పాటు ఉండేది. ఆ రోజు కాకా కౌంటరు దిగి, బయట బల్ల మీద రోగిగా కూర్చునేవాడు. నేను కౌంటరు ఎక్కి ఫార్మసిస్టుగా నటించేదాన్ని. నటన అనే అనాలి, అలవాటు లేని పని. కాకా దగ్గు మాత్రం అద్భుతంగా ఉండేది. ఒకసారి పెద్దసారుకే జాలి కలిగి, పెద్దాయనా, ఎక్స్‌రే తీయించుకో అన్నాడు. సారు పోయాక కాకా, "మంచి డాక్టరు, పాపం నౌకరిల పడ్డడు," అన్నాడు.

డాక్టర్ల చీటీలు చదవడం ఆయన అసలు విద్య. చీటీ పూర్తిగా విప్పకముందే చెయ్యి అర మీదకి పోయేది. నేను అదే చీటీని వెలుతురుకు పెట్టి, తిప్పి, వంచి చూస్తే నాకు వానకు తడిసిన చీమల బారు కనిపించేది. ఆ రాత నీకెట్లా తెలుస్తుంది కాకా అని అడిగితే, ఈ సారుకు ఐదు మందులే వచ్చు మేడం, ఆ సారుకు ఆరు, మనిషి ఏడ పట్టుకొని నిలబడ్డడో చూస్తే ఐదిట్ల ఏదో తెలుస్తది అన్నాడు. హాస్యమనుకున్నాను. అది ఆయన పద్ధతి అని తెలియడానికి నాకు మూడు నెలలు పట్టింది, ఒక ప్రాణం మీదకి వచ్చింది.

ఇక అరల సంగతి చెప్పాలి. మా దుకాణంలో మందులు మనిషి ఆకారంలో ఉండేవి. అన్నింటికంటే పై అర తల: తలనొప్పి, నిద్ర, మూర్ఛ. రెండో అర కళ్ళు, చెవులు, ముక్కు, గొంతు. మూడో అర ఛాతీ: దగ్గు, ఆయాసం, ఎడమ మూలన గుండెకు సంబంధించినవి, బీపీ గోళీలతో సహా. నాలుగోది కడుపు. ఐదోది మూత్రం. చక్కెర మూత్రంలో కనిపిస్తుంది కనక షుగర్ గోళీలు కూడా అక్కడే. కింది అర మోకాళ్ళు. చర్మం ఒంటికి బయట ఉంటుంది కాబట్టి ఆయింట్‌మెంట్లన్నీ అద్దాల తలుపు మీది తగిలింపు సంచుల్లో. బలం గోళీలు ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ, ఎందుకంటే బలం ఒంటి నిండా ఉండాలి.

ఇది చూసినప్పుడల్లా నాకు సిగ్గుగా ఉండేది. చదువుకున్నదాన్ని, ఇలాంటి చోట. అందుకని ఒక ఆదివారం, కాకా చించోళి వైపు ఎవరిదో పెళ్ళికి పోయినప్పుడు, సేఠ్ అనుమతితో అరలన్నీ దించి, దులిపి, ఇంగ్లీషు అక్షరాల వరుసలో సర్దాను. మనిషి ఆకారం పోయింది. తల వెళ్ళి మోకాళ్ళలో కలిసింది, కడుపు నాలుగు ముక్కలై నాలుగు అరల్లో పడింది. సాయంత్రం వికారాబాద్ రైల్లో కిటికీ పక్కన కూర్చుని, తాండూరుకు శాస్త్రం తెచ్చినందుకు లోపల్లోపల నన్ను నేను అభినందించుకున్నాను.

సోమవారం కాకా వచ్చి అరల ముందు నిలబడ్డాడు. కళ్ళద్దాలు నుదుటి మీద నుంచి తీసి, తుడిచి, మళ్ళీ నుదుటి మీదే పెట్టుకున్నాడు. బాగున్నదన్నాడు. ఆ పొద్దంతా కత్తెర గాలిలో ఆడలేదు. చీటీ రాగానే నాకే ఇచ్చి, "గా గోళి తియ్యి మేడం," అనేవాడు. జనం చూస్తుండగా మేడం మేడం అని నాకే అప్పజెప్పడం చూసి, చదువు విలువ ఆయనకు ఇన్నాళ్ళకు తెలిసిందనుకున్నాను. మనుషుల్ని చదవడంలో నా స్థాయి అది.

ఒంటిగంటకు బస్టాండు దగ్గరి మెస్సుకు వెళ్ళి తిరిగొచ్చాను. మూడో అర ఎడమ మూలన ఒక డబ్బా మూత తెరిచి ఉంది. అది ఇప్పుడు ఛాతీ కాదు. 'జి' అక్షరం. అది షుగర్ గోళీల డబ్బా.

ఇది ఎవరికిచ్చావు కాకా అని అడిగాను. "కరణ్‌కోట అవ్వకు. బీపీ గోళి," అన్నాడు. మా దుకాణంలో మనుషులకు ఊరూ జబ్బూనే పేర్లు. కరణ్‌కోట అవ్వకు బీపీ ఒక్కటే ఉంది. షుగర్ లేదు. లేని మనిషి ఆ గోళీ మింగి, ఎండలో తిండి లేకుండా మేకల వెంట తిరిగితే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. చెమట, వణుకు, స్పృహ తప్పడం, అక్కడితో ఆగకపోవడం. పరీక్షలో ఆ ప్రశ్నకు నాకు పదికి తొమ్మిది వచ్చాయి.

కాకా, అది షుగర్ గోళి, అన్నాను.

ఆయన డబ్బాను చూశాడు. దాని మీద ఇంత పెద్ద అక్షరాలు. ఆ అక్షరాలకేసి ఆయన చూసిన చూపు నాకిప్పటికీ గుర్తు. తాళం వేసిన తలుపును చూసినట్టు చూశాడు. మోపెడ్ తాళం తీసుకున్నాడు. నేను వెనక ఎక్కాను. సేఠ్‌కు, రోగి ఇంటికి సలహా చెప్పడానికి పోతున్నామన్నాను. ఇలాంటి సేవలు కూడా ఉంటాయా అని ఆయన సంతోషించాడు.

అవ్వకు ఫోను లేదు. కరణ్‌కోట దారిలో మా ముందంతా బండల లారీలు, సిమెంటు లారీలు. దేన్నీ దాటే శక్తి ఆ మోపెడ్‌కు లేదు. దారి పొడుగునా నేను లోపల ఒక వాక్యం తయారుచేసుకుంటున్నాను. కంపెనీ వాళ్ళు ఈ బ్యాచ్ వెనక్కి తెమ్మన్నారు, మంచిది ఇస్తాం అని. అందులో తప్పు ఎవరిదీ కాకుండా చాలా జాగ్రత్తగా కట్టాను. చదువు అలాంటి చోట పనికొస్తుంది.

అవ్వ ఇంట్లో లేదు. క్వారీ అంచున మేకలున్నాయన్నారు. అక్కడ తుమ్మ చెట్టు నీడలో ఒక పగిలిన బండ మీద కూర్చుని జొన్న రొట్టె తింటూ కనిపించింది. ముఖం చూశాను. చెమట లేదు. వణుకు లేదు. మమ్మల్ని చూసి, దుకాణం బంద్ చేసిన్రా అని అడిగింది.

గోళి మింగావా అవ్వా అన్నాను.

"ఎందుకు మింగుత?" అంది. "ఇయ్యాల నాకు బీపీ లేదు."

కొంగు ముడి విప్పి స్ట్రిప్పు తీసింది. పదికి పది ఉన్నాయి.

బీపీ ఉన్న రోజే గోళి మింగుతుందట. లేని రోజు మింగి పాడుచేయడం ఎందుకు? ఉందని ఎట్లా తెలుస్తుందని అడిగాను.

"కోడలు మాట్లాడితే వస్తది," అంది. "కోడలు నిన్ననే తల్లిగారింటికి పోయింది. ఇయ్యాల బీపీ యాడికెల్లి వస్తది?"

బీపీ గోళీ రోజూ వేసుకోవాలని మూడు నెలలుగా ప్రతి మనిషికీ ఉపన్యాసం ఇస్తూ వచ్చాను. ఒక్కరూ వినలేదని ఎంత బాధపడ్డానో ఆ బండ మీద కూర్చుని దేవునికి అంత కృతజ్ఞత చెప్పాను.

నేను కంపెనీ బ్యాచ్ వాక్యం మొదలుపెట్టబోయాను. అంతలో కాకా ఆమె ఎదుట నేల మీద కూర్చున్నాడు.

"అవ్వా, నేను తప్పు గోళి ఇచ్చిన. మింగుంటే నువ్వు పోతుండె," అన్నాడు.

అవ్వ రొట్టె సగం తుంచి ఆయన చేతిలో పెట్టింది. "తిను. నీకే బీపీ వచ్చినట్టున్నది," అంది.

తిరిగి వచ్చేటప్పుడు ఊరి మొదట్లో, పాలిషింగ్ యూనిట్ల దగ్గర మోపెడ్ ఆపాడు. మిషన్ల రొదలో అరిస్తే తప్ప వినపడని చోటు. బహుశా అందుకే అక్కడ ఆపాడేమో. కానీ అరవలేదు. నేనే దగ్గరికి వంగాను.

"నాకు ఇంగ్లీషు అక్షరాలు రావు మేడం. జాగలు వస్తయి," అన్నాడు.

ఎవరూ చదవలేని రాతను చదివేవాడికి అచ్చు అక్షరాలు రావని ఎవరికి తడుతుంది? ముప్పై ఏళ్ళుగా ఆయన చదివింది అరని, రంగుని, మనిషి చెయ్యి పెట్టుకున్న చోటుని. నేను ఒక్క ఆదివారంలో ఆ పుస్తకం చించేశాను.

అరలు మార్చింది నేనే కదా కాకా, తప్పు నాది, అన్నాను.

"నువ్వు సదువుకున్నట్టు పెట్టినవ్, నేను సదువుకోనట్టు తీసిన. ఇద్దరి చేతులున్నయ్," అన్నాడు. "సేఠ్‌కు చెప్తవా?" అని అడిగాడు.

చెబితే ఆయన ఆ సాయంత్రానికి ఇంటికి పోతాడు. చెప్పకపోతే ఇంకో అవ్వ వస్తుంది, ఆమె కోడలు ఊళ్ళోనే ఉండవచ్చు. ఆ రొదలో నిలబడి చాలాసేపు ఆలోచించాను. చివరికి, చెప్పను, కానీ నేను చదవకుండా ఒక్క గోళీ కూడా కౌంటరు దాటకూడదు అన్నాను. ఆయన తల ఊపాడు. నేను తిండికి పోయినా, రైలు ఆలస్యమైనా అంతే అన్నాను. దానికీ ఊపాడు.

మరుసటి ఆదివారం అరలు మళ్ళీ మనిషయ్యాయి. ఇద్దరం కలిసి మోకాళ్ళ నుంచి మొదలుపెట్టి తల దాకా కట్టాం. ఒక్కో అరలో మాత్రం నా అక్షరాల వరుస ఉంచాను. ఎందుకు మార్చారని సేఠ్ అడిగితే, ఇది శరీర నిర్మాణ పద్ధతి అని ఇంగ్లీషులో చెప్పాను. ఇంగ్లీషులో చెప్పినందువల్ల వెంటనే ఒప్పుకున్నాడు.

ఆనాటి నుంచి ఒక తంతు మొదలైంది. కాకా అర మీద నుంచి స్ట్రిప్పు తీసి, వెనక్కి తిరక్కుండానే భుజం మీదుగా నా వైపు చాపేవాడు. "సదువు మేడం." నేను పైకి చదివేదాన్ని: పేరు, ఎంత బలం, ఏ నెల దాకా పనికొస్తుంది. అప్పుడు కత్తెర గాలిలో రెండుసార్లు ఆడేది. రోజుకు వంద మందికైనా ఇదే. నేను భోజనానికి పోతే జనాన్ని బల్ల మీద కూర్చోబెట్టేవాడు, చదువు వస్తున్నది ఆగుండ్రి అని.

దీనికి జనం తమకు తోచిన అర్థం చెప్పుకున్నారు. డాక్టర్ సాబ్ కొత్త పిల్లకు చదువు నేర్పుతున్నాడన్నది స్థిరపడిన అభిప్రాయం. ఏడాది తిరిగేసరికి ఒక రిటైర్డు టీచరమ్మ నా తల మీద చెయ్యి పెట్టి, ఇప్పుడు మంచిగ కూడబలుక్కోకుండా చదువుతున్నవ్ బిడ్డా అని మెచ్చుకుంది. కాకా అర వైపు తిరిగి నిలబడ్డాడు. భుజాలు కదిలాయి. గోడ మీద నా డిగ్రీ కూడా చూస్తూ ఊరుకుంది. నేను థ్యాంక్స్ చెప్పాను.

వికారాబాద్‌లో ఈ ఉద్యోగం దొరికి వచ్చేసేటప్పుడు, నా తర్వాత ఎవరు వస్తున్నారని సేఠ్‌ను అడిగాను. గోడ మీదకి ఒకాయన వస్తున్నాడన్నాడు. ఆ మాట విన్నాక కాకాను విడిగా అడిగాను, మరి ఎవరు చదువుతారని. ఫికర్ చెయ్యకు మేడం అన్నాడు. అంతకంటే చెప్పలేదు. ఆ సంగతి ఇన్నాళ్ళూ నన్ను తొలుస్తూనే ఉంది. సెలవు రోజున ఒకసారి పోయి చూడాలనుకుంటూనే ఏడాది గడిపాను. తాండూరుకు రైల్లో గంట.

అది ఇప్పుడు అవ్వను అడిగాను. నేను వచ్చాక గోళీలు ఎవరు చదివారని.

"లైన్ల నిలబడ్డోళ్ళు," అంది.

స్ట్రిప్పు తీసి జనం వైపు చాపేవాడట. ఎవలకన్న సదువొస్తదా, జర సదువుండ్రి, నాకు రాదు, అని. కాలేజీ పిల్లలు చదివారు, బస్సు కండక్టరు చదివాడు, ఒకసారి తనిఖీకి వచ్చిన పెద్దసారే అద్దాలు పెట్టుకుని చదివాడట. ముప్పై ఏళ్ళు దాచుకున్నదాన్ని రోజుకు వందసార్లు తన నోటితోనే చెప్పాడు. తాండూరంతా తెలిసిపోయింది. ఆయనకు చదువు రాదని తెలిశాక డాక్టర్ సాబ్ అనడం మానేశారా అని అడిగాను.

"ఎందుకు బంద్ చేస్తం?" అంది అవ్వ. "సదువొచ్చినోడు లైన్ల ఉన్నడు గద."

ఎట్లా పోయాడని అడిగాను. ఛాతిల నొస్తున్నదన్నడట, గంటసేపట్ల పోయిండట. మూడో అర, అనుకున్నాను. ఎడమ మూల.

అవ్వ మెట్టెక్కి లోపలికి వచ్చింది. కొంగు ముడి విప్పి ఒక స్ట్రిప్పు తీసి, నా వైపు చాపింది.

"సదువు," అంది.

చదివాను. పేరు. బలం. నెల. సరిగ్గానే ఉంది, అది బీపీ గోళీయే. ఆమె ఒకటి చిదిమి అరచేతిలో వేసుకుని, నీళ్ళిమ్మన్నట్టు చూసింది. సీసా అందించాను.

"కోడలు ఇంటికాడనే ఉన్నదా అవ్వా?"

"లేదు. తల్లిగారింటికి పోయింది," అంది. గోళీ నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, కొంగుతో మూతి తుడుచుకుంది. "అయినా ఇయ్యాల బీపీ ఉన్నది బిడ్డా."